గృహమే కార్యాలయమైనపుడు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడిన తరువాతి మాసములలో, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములందు సాఫ్ట్‌వేరు కొలువులు చేయుచుండిన పల్నాటి బిడ్డలనేకులు నరసరావుపేటకును, మాచెర్లకును, గురజాలకును, వాని చుట్టుపట్ల గ్రామములకును తిరిగివచ్చిరి. ధాన్యపు బస్తాలుండెడి కొట్టుగది, మేడమీది ఒంటిగది, చుట్టములు వచ్చినపుడు మాత్రమే తలుపుతీయు ముందుగది ఆఫీసులైనవి. పిదప వ్యాధి తగ్గినది. సంస్థలు కొందరిని వెనుకకు పిలిచికొన్నవి. కొందరిని వారమునకు రెండుమూడు దినములు రమ్మన్నవి. మరికొందరిని ఇండ్లలోనే యుండనిచ్చినవి. ఆపత్కాలమున పుట్టిన యేర్పాటు ఇప్పుడాచారమై స్థిరపడుచున్నది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఇంటినుండి పనిచేయు పద్ధతిని రాష్ట్రమున, విశేషించి స్త్రీలకొరకు, పెద్దయెత్తున వ్యాపింపజేయ సంకల్పించినట్లు ప్రకటించిరి.

ఈ సంకల్పమును మేము స్వాగతించుచున్నాము. చదివిన బిడ్డ ఊరు విడుచుట, ముసలితలిదండ్రులు వాకిలి కాచుకొని యుండుట, పెద్దలోగిళ్లకు తాళములు పడుట అనునవి మన సీమలో రెండు తరములుగా జరుగుచున్న కథలే. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు జిల్లా యేర్పడినది. కాని జిల్లా యేర్పడినంతమాత్రమున ఉద్యోగములు పుట్టవు. మిరపయు, ప్రత్తియు, సున్నపురాతి గనులును, సిమెంటు ఫ్యాక్టరీలును తప్ప చదువుకొన్నవారికి ఈ గడ్డమీద జీవనాధారములు స్వల్పము. పెండ్లియై, బిడ్డతల్లియై ఉద్యోగము మానుకొన్న యువతికి తన చదువు మరల అక్కరకు వచ్చుట చిన్న మేలు కాదు. కాబట్టి ఇంటికొలువు రావలెనా వలదా యనుట మా ప్రశ్న కాదు. వచ్చిన కొలువు ఇంటిని మ్రింగివేయకుండ ఎట్లు నిలుపవలయునను నదియే ప్రశ్న.

ఇంటియందు పనిచేయుట మన కెరుగని విషయము కాదు. మంగళగిరి నేతగాని మగ్గపుగుంట ఇంటిలోనే యున్నది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దగువరకు కరణముగారి కవిలెకట్ట ఆయన ఇంటనే యుండెను. ప్లీడరుగారి ముందుగదిలో కక్షిదారులును గుమాస్తాయు ప్రొద్దుటినుండియే కూర్చుండెడివారు. వైద్యుడు వీధియరుగుమీదనే నాడి చూచెడివాడు. అయిన నా యిండ్ల నిర్మాణమును గమనింపుడు. వీధివైపు అరుగు, ఆవల సావిడి, దాని వెనుక నడవ, అటుపిమ్మట వంటిల్లు, పెరడు. లోకవ్యవహారము అరుగువరకు వచ్చును. మిక్కిలి కావలసినవారు సావిడివరకు వత్తురు. గడప దాటి లోనికి రాదు. కక్షిదారు డెంత ధనవంతుడైనను ప్లీడరుగారు భోజనమునకు లేచిన పిదప అరుగుమీద వేచియుండవలసినదే. ఆ గడపయే పనికిని సంసారమునకును నడుమ పొలిమేర. దానిని చట్టము నిర్మింపలేదు, ఆచారము నిర్మించినది.

నేటి కొలువునకు అరుగు లేదు, గడప లేదు. అది వీధివాకిట నిలువక తీగవెంట వచ్చి తిన్నగా పడకగదిలో కూర్చుండును. ల్యాప్‌టాపు మూసినను చేతిలో ఫోను తెరచియే యుండును. పైగా యజమాని కాలము వేరు, మన కాలము వేరు. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనపుడు మనకు వేసవిలో సాయంకాలము ఆరున్నర, శీతకాలములో ఏడున్నర. అనగా మన యింట దీపములు పెట్టు వేళకు అచ్చట ఆఫీసు తలుపులు తెరతురు. బిడ్డలు బడినుండి వచ్చి తండ్రిచెంత జేరు వేళ, పొలమునుండి వచ్చిన పెద్దాయన కాళ్లు కడిగికొని నాలుగు మాటలాడగోరు వేళ, నలుగురు కూడి అన్నము తినవలసిన వేళ సరిగా ఆఫీసు సమావేశమునకు వేళయగును. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక వీరులనందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు కుడిపెనని తరతరములుగా చెప్పుకొను సీమ మనది. అట్టి సీమలో నేడు ఒక్క యింటి నలుగురును ఒక్క వేళకు విస్తరిముందు కూర్చుండలేకపోవుట చింతింపదగిన విషయము.

ఈ కొలువును రెండువైపులనుండి కొఱుకుచున్న మాట ఒక్కటియే గలదు: "ఇంట్లోనే ఉన్నావు గదా!" పై యధికారి రాత్రి పదిగంటలకు పని పంపి, ఇంట్లోనే ఉన్నారు గదా, కొంచెము చూడుడనును. రాకపోకల బాధ తప్పినది గాన ఆ కాలమంతయు తనకే చెల్లునని ఆయన భావము. ఇంటిలోనివారు పగలు పదిగంటలకు పిలిచి, ఇంట్లోనే ఉన్నావు గదా, బ్యాంకునకు పోయి రమ్మందురు. తోటకు మందు తెమ్మందురు. కల్లములో మిరప ఆరబోసిన కూలీలను కనిపెట్టియుండుమందురు. చుట్టములు వచ్చిరి, వచ్చి పలుకరింపుమందురు. కుర్చీలో కూర్చుండి తెరవంక చూచుట వారి కంటికి పనిగా కనబడదు. ఒకరికి ఇల్లు లేనట్లును, మరియొకరికి ఆఫీసు లేనట్లును తోచుచున్నది. నడుమ నలిగినవాడు రెంటికిని అపరాధియై, పగటి పనిని రాత్రికిని రాత్రి నిద్రను పగటికిని త్రోసికొనుచు, మూడుపదుల వయస్సునకే నడుమునొప్పితోను నిద్రలేమితోను వైద్యుని వాకిలి త్రొక్కుచున్నాడు.

పురుషుని పాటే యిట్లుండగా స్త్రీ పాటు చెప్పనలవి గాదు. 2024లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగపు సర్వేలో, జీతము లేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములును పురుషులు 88 నిమిషములును ఆ పనులకు వ్యయపరచుచున్నట్లు తేలినది. అనగా స్త్రీకి దాదాపు అయిదు గంటలు, పురుషునకు గంటన్నర. ఈ అయిదు గంటలు తగ్గింపక, వానిమీద ఎనిమిదితొమ్మిది గంటల ఆఫీసు నెక్కించి, దీనికి స్త్రీస్వాతంత్ర్యమని పేరుపెట్టినచో అది మాటల గారడీ యగును. పాలు పొంగుచుండును, బిడ్డ యేడ్చుచుండును, అత్తగారు మందువేళయైనదని చెప్పుచుందురు, చెవిలో అధికారి మాటాడుచుండును. ఇంటినుండి పనిచేయుట వలన స్త్రీకి ఉద్యోగమును సంసారమును రెండును దక్కునని చెప్పువారు, ఆ రెంటి బరువును ఎవరు పంచుకొందురో కూడ చెప్పవలయును.

ఇంటిపనికి హద్దులు లేనిచో నేమగునో మనకు చేనేత చెప్పుచున్నది. నేతగానికి కూలి గజములనుబట్టి గాని గంటలనుబట్టి రాదు. అతడు గుంటలో కూర్చుండి నేయుచుండ, భార్య కండెలు చుట్టును, ముసలితల్లి ఆసు పోయును, పిల్లలు చేతిసాయమగుదురు. షావుకారు లెక్కలో మాత్రము పనివాడొక్కడే. వానకాలమున గుంటలోనికి నీరూరి పని నిలిచినచో నష్టము నేతగానిదే. ఇంటియద్దె, దీపపు చమురు, మగ్గపు మరమ్మతు అన్నియు నతనివే. నేటి ఇంటికొలువు జీతమున దానికన్న నెన్నో రెట్లు మేలైనదే యగును. అయినను దాని పోకడ మాత్రము ఆ దారినే యున్నది. కరెంటు, ఇంటర్నెట్టు, కుర్చీ, గది, వేసవి చల్లదనము కొందరికి పనివాని ఖర్చులే యైనవి. రెంటచింతల యెండ లెట్టివో ఆంధ్రదేశమున కెల్ల తెలియును. అట్టి మండు మధ్యాహ్నమున కరెంటు పోయినచో, ఆ ఆలస్యమునకు రాత్రి బాకీ తీర్చవలసినవాడును పనివాడే.

భూస్వాములైన మా పాఠకులకు మరియొక మాట మనవి చేయుదుము. సంవత్సరపు జీతమునకు కుదిరిన పాలేరు యజమాని దొడ్డిలోనే పండుకొని, కోడికూతకు ముందులేచి, పిలిచినపుడెల్ల పలుకవలసిన కాలము మనము మరచినది కాదు. అతనికి పని యెప్పుడారంభమగునో, యెప్పుడు ముగియునో చెప్పువాడు లేకుండెను. ఇంట నుండువాడు గాన ఎల్లవేళల అందుబాటులో నుండవలయునని మనమే యంటిమి. ఇప్పుడు మన యింటి పట్టభద్రుడు, సముద్రముల కావలి యజమానికి అట్టి పాలేరగుచున్నాడు. జీతము లక్షలలో నుండవచ్చును. వేళాపాళా లేని కొలువునకు పేరు మాత్రము మారదు. నాడు పాలేరునకు చేసినది న్యాయము కాదని నేడు మన బిడ్డల మూలమున మనకు తెలియవచ్చుచున్నది.

పనివేళలకు మితి యుండవలయునను సూత్రము ఉచితముగా వచ్చినది కాదు. 1919లో వాషింగ్టను నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మికసభ దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని నియమించెను. కాని ఆ యొడంబడికయందే బ్రిటిషు ఇండియాకు మాత్రము 60 గంటలని వేరుగా వ్రాసిరి. పరాధీనుల దేహములు గట్టివని కాబోలు! 1922 చట్టముతో 60 గంటలు, 1934 చట్టముతో 54 గంటలు, తుదకు డాక్టరు అంబేద్కరుగారు కార్మికశాఖను వహించిన కాలములో సిద్ధమైన 1946 సవరణతో 48 గంటలు మన ఫ్యాక్టరీ కార్మికులకు లభించెను. స్వతంత్రభారతము 1948 చట్టములో దానిని నిలుపుకొనెను. ఒక్కొక్క గంటకొరకు ఒక్కొక్క తరము పోరాడినది.

ఇట్టి చరిత్రగల దేశమున, ఇన్ఫోసిస్ సంస్థాపకులలో నొకరైన నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయ వలయునని 2023 అక్టోబరులో ఉపదేశించిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులు దానిని 90 గంటలకు పెంచి ఆదివారముల ప్రసక్తియు తెచ్చిరి. పరదొరతనము మన కూలీలకు విధించిన 60 గంటలుకూడ వీరికి చాలలేదు. దేశాభివృద్ధికి శ్రమ కావలసినదే, మేమును కాదనము. కాని శ్రమకును హింసకును భేద మున్నది. వారమునకు 55 గంటలు దాటి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికన్న పక్షవాతపు ప్రమాదము 35 వంతులును, గుండెజబ్బువలని మరణభయము 17 వంతులును నూటికి హెచ్చని ప్రపంచ ఆరోగ్యసంస్థయు అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021లో ప్రకటించినవి. 2016వ సంవత్సరమున ఒక్కదానిలోనే ఇట్టి అధికశ్రమవలన లోకమున 7,45,000 మంది మరణించిరని వాని లెక్క. వారిలో నొకరైనను దేశాభివృద్ధికి పనికివత్తురా?

మన రాష్ట్రప్రభుత్వపు పోకడయు ఆలోచింపదగియున్నది. ఒకవంక ఇంటికొలువును ప్రోత్సహింతుమనుచు, మరియొకవంక 2025 జూనులో మంత్రివర్గము దినమునకు 9 గంటల గరిష్ఠపరిమితిని 10 గంటలకు పెంచుటకును, ఓవర్‌టైము పరిమితిని మూడు నెలలకు 75 నుండి 144 గంటలకు పెంచుటకును సమ్మతించినది. వారమునకు 48 గంటలనుట మారలేదని సమాధానము చెప్పుదురు. ఫ్యాక్టరీలో గేటున్నది, గంట యున్నది, హాజరుపుస్తకమున్నది. అధికముగా పనిచేయించిన గంట కంటికి కనబడును. ఇంటియందు ఏ గంట మ్రోగును? లెక్కకు రాని గంటకు ఓవర్‌టైము ఎవరిత్తురు?

ఇంటిలోనికి చట్టము ప్రవేశింపలేదని కొందరు వాదింతురు. ఇది సత్యము కాదు. 1966 బీడీకార్మికుల చట్టము, ఇంటివద్ద ఆకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీనికూడ కార్మికురాలిగనే అంగీకరించినది. తెలంగాణమున నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములందలి వేలకొలది స్త్రీలు ఆ చట్టపు నీడలోనికి వచ్చిరి. దాని అమలు లోపభూయిష్ఠమైనను సూత్రము సుస్థిరము: పని యింట జరిగినను యజమాని బాధ్యత గడపవద్ద నిలిచిపోదు. 1996లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇంటిపనివారికొరకు ప్రత్యేకముగా ఒక యొడంబడిక చేసినది. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు. ఫ్రాన్సులో 2017 జనవరి 1నుండి, 50 మందికి మించిన సంస్థలు పనివేళ దాటిన పిదప ఫోనునకు దూరముగా నుండు హక్కునుగూర్చి పనివారితో సంప్రదింపవలసియున్నది. పోర్చుగల్లు 2021లో, విశ్రాంతివేళ పనివానిని యజమాని కదిలింపరాదని శాసించినది. ఆస్ట్రేలియా 2024 ఆగస్టు 26నుండి, వేళ గడచిన పిదప వచ్చిన పిలుపునకు పలుకకుండు హక్కు నిచ్చినది. మన లోకసభలో సుప్రియా సూలేగారు ఇట్టి బిల్లునే 2018లోను, మరల 2025 డిసెంబరులోను ప్రవేశపెట్టిరి. అది చట్టము కాలేదు.

కావున మా సూచనలు నాలుగు. మొదటిది ప్రభుత్వమునకు. సంస్థలకు భూమియు రాయితీలును ఇచ్చునపుడే ఒక షరతు వ్రాయవలయును: ఇంటినుండి పనిచేయువాని ఒప్పందములో ఆరంభవేళయు ముగింపువేళయు ఉండవలయును, రాత్రికొలువైనచో పగటివిశ్రాంతి అంతే స్పష్టముగా నుండవలయును, మించిన గంటకు వేతనముండవలయును, కరెంటు, ఇంటర్నెట్టు, కుర్చీల ఖర్చులో సంస్థ పాలు వహింపవలయును. 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చిన కార్మికస్మృతులు ఎనిమిది గంటల దినమును పేర్కొనుచునే యున్నవి. ఆ యెనిమిది గంటలు గోడల వెలుపలనే గాక ఇంటిలోపలను చెల్లవలయును.

రెండవది కూడ ప్రభుత్వమునకే. ఇంటిగదియే ఆఫీసు కానక్కరలేదు. రాష్ట్రపు సమాచారసాంకేతిక విధానము పట్టణములలో ఉమ్మడి పనిస్థలములు నిర్మించువారికి ప్రోత్సాహములు ప్రకటించినది. అవి విశాఖపట్టణముతోను విజయవాడతోను ఆగిపోక మాచెర్లకును, గురజాలకును, సత్తెనపల్లికిని రావలయును. ఊరిలోనే నడచిపోదగిన దూరమున, ఎడతెగని కరెంటును శిశుశాలయు గల ఒక సావిడి యుండినచో, పోయిన యరుగు మనకు మరల లభించినట్లే. ప్రొద్దున చెప్పులు తొడిగికొని పోవుట, సాయంకాలము ఇల్లు చేరుట అనునవి స్వల్పమైన యాచారములే యైనను, మనస్సునకు అవియే పనివేళకును ఇంటివేళకును పొలిమేరరాళ్లు.

మూడవది గృహస్థులకు. పనివేళ తలుపు మూసికొనినపుడు బిడ్డ ఊరిలో లేనట్లే భావింపుడు. కోడలు జీతము తెచ్చుచున్నపుడు కొడుకు కూర తరుగుట అవమానము కాదు. బిడ్డ పాలు, ముసలివారి మందు, బజారుపని ఎవరెవరివో ముందే పంచుకొనని యింట, అవి యన్నియు ఒక్కరి మీదనే పడును. ఆ యొక్కరెవరో చెప్పనక్కరలేదు.

నాలుగవది పనిచేయువారికి. గాంధీమహాత్ముడు సేవాగ్రామమున మట్టికుటీరమునే ఇల్లుగను, ఆఫీసుగను చేసికొని దేశకార్యము నడపెను. అంతటి పని నెత్తిమీద నుండియు ప్రార్థనకు, వడుకునకు, నడకకు ఆయన వేళలు తప్పలేదు, సోమవారము మౌనదినము. 1947 జూన్ 2వ తేదీ సోమవారము. దేశవిభజననుగూర్చి మాటాడుటకు రాజప్రతినిధి మౌంటుబాటను ఎదుట కూర్చుండియున్నను, గాంధీజీ పాతకవరుల వెనుక నాలుగు వాక్యములు వ్రాసి యిచ్చెనే గాని నోరు విప్పలేదు. దేశభాగ్యము తేలుచున్న దినమున ఆయన నిలుపుకొన్న నియమమును, ఒక కంపెనీ నివేదికకొరకు మనము ప్రతిరాత్రియు విడుచుకొనుట తగునా? వేళ కాగానే యంత్రము మూయుడు. వేరు గదిలో నుంచుడు. భోజనపు వేళ ఫోనును దూరముగా నుంచి కూర్చుండుడు. ఒక్కడు చెప్పినచో అవిధేయత యందురు, పదిమంది చెప్పినచో పద్ధతి యగును. కాబట్టి పనివారు కలసి చెప్పుట నేర్వవలయును.

సాగరు కుడికాలువ క్రింద సేద్యము చేయు మన రైతునకు ఆరుతడి యననేమో బోధింపనక్కరలేదు. మిరపకు నీరు ప్రాణమే. కాని వేరువద్ద నీరు నిలిచినచో ఆ నీరే తోటను కుళ్లజేయును. తడి యిచ్చి, ఆరనిచ్చి, మరల తడి యిచ్చుటలోనే పంటయున్నది. తూమునకు తలుపు లేని కాలువను ఏ రైతును తన పొలముమీదికి రానీయడు. కొలువును అట్టిదే. అది మన యిండ్లకు రావలయును, తూము మాత్రము మన చేతిలో నుండవలయును. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు అడవిపుల్లరి కట్టనని నిలిచి ప్రాణములర్పించిన సీమ యిది. తన పశువు మేసిన గడ్డికి అన్యాయపు పన్ను చెల్లింపనన్న ఆ వీరుని గడ్డమీద, మన రాత్రులమీదను మన బిడ్డల బాల్యముమీదను పడుచున్న ఈ క్రొత్త పుల్లరిని మారుమాటాడక చెల్లించుచుండుట తగదు. భూమిమీద స్వరాజ్యము పెద్దలు సాధించి యిచ్చిరి. కాలముమీద స్వరాజ్యమును సాధించుకొను భారము మనయందున్నది.